చాలెంజర్ విచారణ నివేదిక: ఒక విమర్శనాత్మక పరిశీలన

1. లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:

• 1986లో చాలెంజర్ వ్యోమనౌక ప్రమాదానికి దారితీసిన సాంకేతిక లోపాన్ని, ముందురోజు రాత్రి జరిగిన చర్చను వివరించగలుగుతారు.
• రోజర్స్ సంఘం నివేదిక బలాలను, పరిమితులను అంచనా వేయగలుగుతారు.
• 'పై అధికారులను ప్రశ్నించడానికి భయపడ్డారు' అనే వివరణ ఎంతవరకు నిలబడుతుందో చర్చించగలుగుతారు.
• ఏ విచారణ నివేదికనైనా విమర్శకుడి దృష్టితో చదవడం అలవరచుకుంటారు.

2. పరిచయం

విచారణ నివేదికను మనం సాధారణంగా తీర్పులాగా చదువుతాం. తప్పు ఎవరిదో తెలిస్తే చదవడం పూర్తయినట్టే అనుకుంటాం. అయితే నివేదిక కూడా ఒక రచనే. ఏ సంఘటనతో మొదలుపెట్టాలి, ఏ సాక్ష్యానికి పెద్దపీట వేయాలి, దేన్ని కారణం అనాలి, దేన్ని పరిస్థితి అనాలి అనే నిర్ణయాలు అందులో ఉంటాయి. ఆ నిర్ణయాలను బట్టే సిఫార్సులు పుడతాయి. సిఫార్సులను బట్టి మరో ప్రమాదం ఆగడమో, జరగడమో ఉంటుంది. అందుకే నివేదికను విమర్శనాత్మకంగా చదవడం పండితుల వినోదం కాదు.

1986 జనవరి 28న అమెరికాలోని ఫ్లోరిడా తీరం నుంచి బయలుదేరిన చాలెంజర్, 73 సెకన్లకే ఆకాశంలో ముక్కలైపోయింది. అందులో ఉన్న ఏడుగురూ మరణించారు. వారిలో క్రిస్టా మెకాలిఫ్ అనే పాఠశాల ఉపాధ్యాయురాలు ఉండటం వల్ల ఎన్నో బడుల్లో పిల్లలు ఆ ప్రయోగాన్ని టీవీలో ప్రత్యక్షంగా చూశారు. కొద్దిరోజుల్లోనే మాజీ విదేశాంగ మంత్రి విలియం రోజర్స్ అధ్యక్షతన అధ్యక్షుడు రీగన్ ఒక విచారణ సంఘాన్ని నియమించారు. చంద్రుడిపై కాలుమోపిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, వ్యోమగామి శాలీ రైడ్, భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ అందులో సభ్యులు. అదే ఏడాది జూన్‌లో సంఘం నివేదిక సమర్పించింది.

నాయకత్వానికి ఎదురు చెప్పలేక జరిగిన సాంకేతిక వైఫల్యాలకు ఉదాహరణగా చాలెంజర్‌ను తరచుగా చూపుతారు. ఈ మాటలో నిజం ఉంది. కానీ ఆ భయం ఎక్కడ పనిచేసింది, ఏ రూపంలో పనిచేసింది అన్నది నివేదికను దగ్గరగా చదివితేనే తెలుస్తుంది.

3. సాంకేతిక నేపథ్యం

వ్యోమనౌకకు రెండు పక్కలా రెండు పెద్ద ఘన ఇంధన బూస్టర్లు ఉండేవి. వీటిని మోర్టన్ థయోకాల్ అనే సంస్థ యూటా రాష్ట్రంలో తయారుచేసేది. ఒక్కొక్క బూస్టర్‌ను ముక్కలుగా తెచ్చి, ప్రయోగ కేంద్రంలో ఒకదానిపై ఒకటి నిలబెట్టి అతికేవారు. ఆ అతుకుల గుండా వేడి వాయువు బయటికి రాకుండా చుట్టూ రెండు రబ్బరు వలయాలు అమర్చేవారు. వీటినే ఓ-రింగులు అంటారు. ప్రెషర్ కుక్కర్ మూతకు ఉండే రబ్బరు చేసే పనే ఇవీ చేస్తాయి. ఒక తేడా ఉంది. బూస్టర్ మండగానే లోపలి ఒత్తిడికి అతుకు కొద్దిగా విచ్చుకుంటుంది. సెకనులో కొంతభాగంలోనే రబ్బరు సాగి ఆ సందును మూసేయాలి.

రబ్బరు చల్లబడితే బిగుసుకుపోతుంది. నొక్కి వదిలితే తిరిగి పాత ఆకారానికి రావడానికి ఆలస్యమవుతుంది. 1985 జనవరిలో 53 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు 12 డిగ్రీల సెల్సియస్) దగ్గర జరిగిన ప్రయోగంలో, మొదటి వలయాన్ని దాటి వాయువు వచ్చినట్టు మసి ఆనవాళ్లు దొరికాయి. థయోకాల్ ఇంజనీరు రోజర్ బోజలీ 1985 జూలై 31న తన పై అధికారులకు ఒక లేఖ రాశారు. ఈ సమస్యను వెంటనే పట్టించుకోకపోతే ప్రాణనష్టం జరగవచ్చని అందులో హెచ్చరించారు. ప్రమాదానికి ఆరు నెలల ముందు మాట ఇది.

4. జనవరి 27 రాత్రి

ప్రయోగానికి ముందురోజు ఫ్లోరిడాలో చలి విపరీతంగా ఉంటుందని వాతావరణ సూచన వచ్చింది. ఆ రాత్రి మూడు చోట్ల ఉన్నవారి మధ్య టెలిఫోన్ సమావేశం జరిగింది. యూటాలో థయోకాల్ ఇంజనీర్లు, అధికారులు. అలబామాలో బూస్టర్ల బాధ్యత చూసే నాసా వారి మార్షల్ కేంద్రం. ఫ్లోరిడాలో ప్రయోగ కేంద్రం. 53 డిగ్రీలకన్నా తక్కువ ఉష్ణోగ్రతలో ప్రయోగించవద్దని థయోకాల్ సిఫార్సు చేసింది. దాన్ని వినిపించింది ఆ సంస్థ ఇంజనీరింగ్ ఉపాధ్యక్షుడు రాబర్ట్ లండ్.

మార్షల్ అధికారులు ఈ సిఫార్సును గట్టిగా ప్రశ్నించారు. ఏప్రిల్ దాకా ఆగమంటారా అనే అర్థంలో లారెన్స్ ముల్లాయ్ విసుక్కున్నారు. ఇంజనీర్లు చూపిన ఆధారాలు నిర్ణయాత్మకంగా లేవన్నది వారి వాదన. 75 డిగ్రీల వెచ్చని రోజు చేసిన ప్రయోగంలో కూడా వాయువు మొదటి వలయం దాటింది కదా, చలికీ దీనికీ సంబంధం ఏమిటి అన్నారు.

థయోకాల్ వారు తమలో తాము మాట్లాడుకోవడానికి ఐదు నిమిషాలు అడిగి ఫోన్ పక్కన పెట్టారు. అది అరగంట సాగింది. బోజలీ, ఆర్నాల్డ్ థాంప్సన్ మళ్లీ వాదించారు. థాంప్సన్ లేచి వెళ్లి అతుకు బొమ్మ గీసి చూపారు. బోజలీ మసి పట్టిన అతుకుల ఫొటోలు అధికారుల ముందు పెట్టారు. వినేవారు లేరని అర్థమై ఇద్దరూ ఆపేశారు. చివరికి సీనియర్ ఉపాధ్యక్షుడు జెరాల్డ్ మేసన్, ఇంజనీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకోమని లండ్‌కు చెప్పారు. లండ్ మాట మార్చారు. నలుగురు మేనేజర్లు కలిసి నిర్ణయించారు. ఇంజనీర్లను ఓటు అడగలేదు.

ఫోన్ మళ్లీ కలిపి, ప్రయోగానికి సమ్మతి తెలిపారు. ఎవరికైనా వేరే అభిప్రాయం ఉందా అని అవతలి నుంచి అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. ఫ్లోరిడాలో ఉన్న థయోకాల్ ప్రతినిధి ఆలన్ మెక్‌డొనాల్డ్ సమ్మతి పత్రంపై సంతకం చేయడానికి నిరాకరించారు. సమావేశం ముగిశాక కూడా వాయిదా వేయమని వాదించారు. సంతకం యూటా నుంచి ఫ్యాక్స్‌లో వచ్చింది. మర్నాడు ప్రయోగ సమయానికి ఉష్ణోగ్రత 36 డిగ్రీలు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ రాత్రి ఇంజనీర్లు మొదట మాట్లాడారు, ఆధారాలు చూపారు, రెండోసారీ వాదించారు. మౌనం ఆ తరువాత వచ్చింది. 'భయపడి నోరు విప్పలేదు' అనే ప్రచారంలోని కథకు ఈ క్రమం పూర్తిగా సరిపోదు.

5. నివేదిక బలాలు

రోజర్స్ నివేదిక మొదటి సంపుటి సాంకేతిక కారణంతో ఆగిపోలేదు. అతుకు విఫలమైందని నిర్ధారించాక, నిర్ణయం తీసుకున్న విధానాన్నే 'దోహదం చేసిన కారణం'గా ప్రత్యేక అధ్యాయంలో పరిశీలించింది. మరో అధ్యాయంలో ఈ ప్రమాదం మూలాలు చరిత్రలోనే ఉన్నాయంటూ అతుకు సమస్యను ఏళ్ల వెనక్కి తవ్వింది. ఇంకొక అధ్యాయంలో భద్రతా విభాగం ఎలా మూగబోయిందో చూపింది. ఏడాదికి 24 ప్రయోగాలు జరపాలన్న లక్ష్యం వ్యవస్థపై తెచ్చిన ఒత్తిడిని కూడా లెక్కలోకి తీసుకుంది. యంత్రం లోపాన్ని, సంస్థ లోపాన్ని కలిపి చదవడం ఈ నివేదికకున్న మొదటి బలం.

రెండో బలం, ఆధారాలను కొత్తగా అమర్చి చూడటం. ఆ రాత్రి చర్చ దెబ్బతిన్న వలయాల చుట్టూనే తిరిగింది. ఏ నష్టమూ జరగని ప్రయోగాలను ఎవరూ పక్కన పెట్టి పోల్చలేదు. సంఘం రెండింటినీ ఒకే పటంలో గుర్తించింది. అప్పుడు చిత్రం తేటపడింది. 66 డిగ్రీలు, అంతకు పైన జరిగిన 20 ప్రయోగాల్లో నష్టం కనిపించింది మూడింటిలోనే. 65 డిగ్రీల లోపు జరిగిన నాలుగింటిలోనూ కనిపించింది. చలికీ నష్టానికీ ఉన్న సంబంధం ఇలా కంటికి కనిపించింది. ధైర్యం ఒక్కటే చాలదని, ఆధారాన్ని సరిగా అమర్చే నేర్పు కూడా కావాలని ఈ భాగం నేర్పుతుంది.

మూడో బలం, సాక్షుల మాటలను దాచకుండా అచ్చువేయడం. మేము చేస్తున్న విమర్శకు కావలసిన ఆధారం కూడా ఈ నివేదికలోనే దొరుకుతుంది.

6. నివేదిక పరిమితి

నివేదిక ఒక ముఖ్యమైన అంచనాపై నిలబడింది. నిర్ణయాధికారం ఉన్నవారికి వాస్తవాలన్నీ తెలిసి ఉంటే ప్రయోగానికి అనుమతించి ఉండేవారు కాదని సంఘం అభిప్రాయపడింది. థయోకాల్ ఇంజనీర్ల అభ్యంతరం నాసాలోని పై స్థాయి అధికారులకు చేరలేదన్నది నిజమే. కనుక సమాచారం పైకి ప్రవహించేలా చేయాలని, భద్రతా విభాగాన్ని బలపరచాలని సిఫార్సులు వచ్చాయి.

ఈ అంచనాను నివేదికలోని సాక్ష్యాలతోనే పరీక్షిద్దాం. థయోకాల్ ఉపాధ్యక్షులకు ఆ రాత్రి ఏ సమాచారం కొరవడింది? ఫొటోలు వాళ్ల ఎదుటే ఉన్నాయి. ముల్లాయ్‌కి ఇంజనీర్ల అభ్యంతరం నేరుగా వినిపించింది. తెలిసినవారే 'సరే' అన్నప్పుడు, ఆ సమాచారం ఇంకో రెండు మెట్లు పైకి వెళ్తే తప్పక 'వద్దు' అనేవారని ఎలా నమ్మాలి? సమాచార లోపం అనే వివరణ పైవారిని కొంతవరకు నిర్దోషులను చేస్తుంది; కింద జరిగినదాన్ని పూర్తిగా వివరించదు.

మరి కింద జరిగిందేమిటి? సంఘం ముందు బోజలీ, లండ్ ఇద్దరూ ఇంచుమించు ఒకే సంగతి చెప్పారు. మామూలుగా ప్రయోగం సురక్షితమని నిరూపించమని అడిగేవారట. ఆ రాత్రి మాత్రం అది సురక్షితం కాదని నిరూపించాల్సి వచ్చిందట. అంటే నిరూపణ భారం తలకిందులైంది. 'సందేహం ఉంటే ఆగు' అనే నియమం 'సందేహం రుజువు కాకపోతే సాగు' అనే నియమంగా మారిపోయింది. ఈ మార్పును ఎవరూ ప్రకటించలేదు. ప్రశ్న అడిగిన తీరులోనే అది జరిగిపోయింది.

భయం పనిచేసింది ఇక్కడే. ఖాతాదారు అసంతృప్తి, ప్రయోగం ఆపినవారిగా పేరు పడటం, పై అధికారి ముఖకవళిక — ఇవన్నీ లండ్‌ను మూగవాణ్ణి చేయలేదు. ఆయన ఏ ప్రశ్నకు జవాబు చెప్పాలో మార్చాయి. ఇంజనీరుగా ఆయన ముందున్న ప్రశ్న 'ఇది సురక్షితమని నాకు తెలుసా?' అన్నది. మేనేజరుగా మారాక అది 'ఆపడానికి నా దగ్గర తిరుగులేని రుజువుందా?' అన్నదైంది. మొదటి ప్రశ్నకు జవాబు లేదు అంటే ప్రయోగం ఆగుతుంది. రెండో ప్రశ్నకు జవాబు లేదు అంటే ప్రయోగం సాగుతుంది. రబ్బరు మాత్రం ఒకటే.

చివర్లో అడిగిన 'వేరే అభిప్రాయం ఉందా?' అన్న ప్రశ్నను కూడా ఈ దృష్టితోనే చూడాలి. మౌనం అర్ధాంగీకారం అంటాం. కానీ అధికార క్రమంలో, నిర్ణయం ప్రకటించాక, తన సంస్థ తరఫున మాట ఇచ్చేశాక కింది ఉద్యోగి పాటించే మౌనాన్ని అంగీకారంగా లెక్కించవచ్చా? అడిగినట్టూ ఉంటుంది, ఎవరూ కాదన్నట్టూ ఉండదు. ఆ ప్రశ్న అసమ్మతిని వెలికితీయలేదు. లేదని నమోదు చేసింది. నివేదిక ఈ ఘట్టాన్ని నమోదు చేసింది కానీ, నిరూపణ భారం ఎవరిమీద ఉండాలన్నదాన్ని తన తొమ్మిది సిఫార్సుల్లో ఒక ప్రత్యేక శీర్షికగా చేయలేదు. మా దృష్టిలో ఇదే దాని ప్రధాన లోపం.

7. ఫైన్‌మన్ అనుబంధం

సంఘ సభ్యుడైన ఫైన్‌మన్ తన అభిప్రాయాలను విడిగా రాశారు. అవి నివేదికకు అనుబంధంగా వచ్చాయి. బహిరంగ విచారణలో ఆయన ఓ-రింగు రబ్బరు ముక్కను బిగించి ఐసునీళ్లలో ముంచి, అది వెంటనే తన ఆకారానికి తిరిగి రాకపోవడాన్ని చూపిన సంగతి చాలామందికి తెలుసు. అనుబంధంలోని వాదన అంతకన్నా లోతైనది. నౌక విఫలమయ్యే అవకాశం నూటికి ఒకటి వరకు ఉంటుందని పనిచేసే ఇంజనీర్లు అంచనా వేస్తుంటే, లక్షకు ఒకటని యాజమాన్యం చెబుతోందని ఆయన గుర్తించారు. ఒకే యంత్రం గురించి ఒకే సంస్థలో వెయ్యి రెట్ల తేడా ఎలా వచ్చిందన్నదే ఆయన ప్రశ్న.

వలయం కొంత కాలినా ఇంతకుముందు నౌకలు క్షేమంగా వచ్చాయి కదా అనే వాదనను ఆయన రష్యన్ రౌలెట్‌తో పోల్చారు. తుపాకీలో ఒకే గుండు పెట్టి తలకు గురిపెట్టుకునే ఆ పందెంలో మొదటిసారి బతికినంత మాత్రాన రెండోసారి భద్రం కాదు. సూటిదనం ఈ అనుబంధానికి అందం. అయితే ఇంజనీర్లు ఒకవైపు, యాజమాన్యం మరోవైపు అన్న విభజన మరీ శుభ్రంగా కనిపిస్తుంది. లండ్ కూడా ఇంజనీరే. అదే మనిషి అరగంటలో రెండు జవాబులు ఎలా ఇచ్చాడన్నది ఈ విభజనకు అందదు.

8. డయాన్ వాన్ వివరణ

ప్రమాదం జరిగిన పదేళ్లకు, 1996లో, సామాజికశాస్త్రవేత్త డయాన్ వాన్ ఈ నిర్ణయంపై ఒక పెద్ద గ్రంథం ప్రచురించారు. దుర్మార్గులైన మేనేజర్లు, నోరు నొక్కబడిన ఇంజనీర్లు అనే కథను ఆమె అంగీకరించలేదు. వలయం మొదటిసారి కాలినప్పుడు అది ఊహించని లోపం. నౌక క్షేమంగా వచ్చింది కాబట్టి దాన్ని 'అంగీకరించదగిన ప్రమాదం'గా నమోదు చేశారు. తరువాత ఇంకొంచెం ఎక్కువ కాలింది. గీత మరికాస్త జరిగింది. ప్రతి అడుగులోనూ ఇంజనీర్లూ ఉన్నారు, కాగితాలూ ఉన్నాయి. దీన్ని ఆమె 'విచలనం మామూలైపోవడం' అన్నారు. నియమాలు ఉల్లంఘించినందుకు కాక, పాటిస్తూనే ప్రమాదం వైపు నడిచారన్నది ఆమె వాదన.

రోజర్స్ నివేదిక వదిలేసిన ఖాళీని ఈ వివరణ చాలావరకు నింపుతుంది. ఒక్క రాత్రి మీద ఉన్న చూపును ఏళ్ల మీదికి మళ్లిస్తుంది. కానీ దీనికీ ఒక ఇబ్బంది ఉంది. అంతా సంస్కృతే చేసిందంటే, ఎవరికీ వేరే దారి లేదన్నట్టవుతుంది. మెక్‌డొనాల్డ్ అదే సంస్కృతిలో పనిచేశారు, సంతకం పెట్టలేదు. పైగా భయానికి వాస్తవమైన ఆధారం ఉందని ప్రమాదం తరువాత జరిగినవి చూపాయి. సంఘం ముందు నిజం చెప్పిన మెక్‌డొనాల్డ్‌ను సంస్థ పాత బాధ్యతల నుంచి తప్పించింది. చట్టసభ సభ్యుల జోక్యం తరువాతే పరిస్థితి మారి, అతుకును కొత్తగా రూపొందించే పనికి ఆయన నాయకత్వం వహించారు. బోజలీ తన సంస్థలోనే ఒంటరి అయ్యారు. మాట్లాడినవారికి ఏమవుతుందో మిగతా ఉద్యోగులు చూస్తూనే ఉంటారు. సంస్కృతి గురించి రాసేటప్పుడు ఈ శిక్షను లెక్కలోంచి తీసేయకూడదు.

9. కొలంబియా పెట్టిన పరీక్ష

సిఫార్సు సరైనదో కాదో చెప్పేది కాలం. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక భూమికి తిరిగివస్తూ కూలిపోయింది. హర్యానాలోని కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. నౌక జనవరి 16న బయలుదేరినప్పుడు, ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలింది. రెక్కను ఫొటోలు తీయించమని ఇంజనీర్లు వేర్వేరు దారుల్లో కోరినా ఫలితం లేకపోయింది. అది తప్పనిసరి అవసరమని నిరూపించే బాధ్యత వారిమీదే పడింది. నష్టం చూడాలంటే ఫొటోలు కావాలి. ఫొటోలు కావాలంటే నష్టం ఉందని ముందే రుజువు కావాలి! ఒక ఇంజనీరు ఈ నిర్ణయాన్ని తీవ్రంగా తప్పుపడుతూ ఈమెయిల్ రాసుకుని కూడా, అధికార క్రమాన్ని దాటలేక పైకి పంపలేదు.

కొలంబియా విచారణ మండలి తన నివేదికలో చాలెంజర్ ప్రతిధ్వనులను నేరుగా చర్చించింది. పరిస్థితి సురక్షితం కాదని నిరూపించాల్సిన స్థితిలోకి ఇంజనీర్లను నెట్టారని గుర్తించింది. డయాన్ వాన్ ఆ విచారణలో పాలుపంచుకున్నారు. పదిహేడేళ్లలో అతుకు మారింది, విభాగాలు మారాయి, నిరూపణ భారం మాత్రం మళ్లీ అదేచోటికి వచ్చి చేరింది. రోజర్స్ నివేదిక పరిమితికి ఇంతకన్నా విచారకరమైన రుజువు అక్కర్లేదు.

10. సారాంశం

రోజర్స్ నివేదిక యంత్రాన్ని, సంస్థను కలిపి చూసిన విలువైన పత్రం. సమాచారం పైకి చేరకపోవడాన్ని అది చక్కగా పట్టుకుంది. చేరిన సమాచారాన్ని కూడా అధికారం ఎలా నిర్వీర్యం చేస్తుందో దాని సాక్ష్యాల్లో ఉన్నా, సిఫార్సుల్లో బలంగా కనిపించదు. ఫైన్‌మన్ అనుబంధం సూటిగా ఉన్నా మనుషులను రెండు వర్గాలుగా విడదీస్తుంది. వాన్ గ్రంథం లోతైనదే కానీ వ్యక్తి బాధ్యతను పలచన చేసే అవకాశం ఉంది. నాయకత్వ భయం మనుషులను మూగవారిని చేసినప్పుడే పనిచేస్తుందని అనుకోరాదు. మాట్లాడేవారి నెత్తిన రుజువు భారం మోపినప్పుడు కూడా అది పనిచేస్తుంది. కాబట్టి ఏ విచారణ నివేదిక చదివినా మూడు విషయాలు వెతకండి: ఎవరు మాట్లాడారు, ఎవరిని రుజువు అడిగారు, మాట్లాడినవారికి ఆ తరువాత ఏమైంది.

11. ముఖ్య పదాలు

ఓ-రింగు: అతుకులోంచి వాయువు బయటికి రాకుండా అమర్చే రబ్బరు వలయం.
నిరూపణ భారం: ఒక వాదనను రుజువు చేయాల్సిన బాధ్యత.
విచలనం మామూలైపోవడం: నియమం నుంచి జరిగిన తప్పుదల పదేపదే నష్టం లేకుండా గడవడం వల్ల దాన్నే సహజంగా అంగీకరించడం.

12. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. చల్లదనం ఓ-రింగుల పనితీరును ఎలా దెబ్బతీసింది?
2. నష్టం జరగని ప్రయోగాలను కూడా పటంలో చేర్చడం వల్ల ఏ విషయం తేలింది?
3. రష్యన్ రౌలెట్ పోలిక ద్వారా ఫైన్‌మన్ ఏం చెప్పదలిచారు?

II. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 'వాస్తవాలన్నీ తెలిసి ఉంటే ప్రయోగం ఆగేది' అన్న రోజర్స్ సంఘం అభిప్రాయాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి.
2. మెక్‌డొనాల్డ్, లండ్ ఒకే సంస్థలో ఉండి వేర్వేరుగా ప్రవర్తించారు. డయాన్ వాన్ వివరణ ఈ తేడాను ఎంతవరకు వివరించగలదో చర్చించండి.